వాన, ఓడ, సర్కారు: పంట రేటు ఎందుకు కదిలిందో మీరే చదువుకునే పద్ధతి

2021 ఆగస్టులో సోయా క్వింటా 10 వేల దాకా పోయిన రోజులు గుర్తున్నాయా? మాది నిజామాబాద్ వైపు. అప్పటికి ఇంట్లో పోయినేడు పంట ఓ 12 క్వింటాళ్లు అమ్మకుండా ఉంది. రేటు 9 వేలు దాటగానే నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఇచ్చేద్దాం బాపూ అన్నా, ఆయనేమో "ఆగుర, ఇంకా పెరుగుతదంటున్నరు, మనకు తొందరేంది" అన్నాడు. అంటున్నది ఎవరయ్యా అంటే ఒక వాట్సాప్ గ్రూపు. ఆ నెలలోనే కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం (జన్యువులు మార్చిన) సోయా మీల్, అంటే నూనె తీశాక మిగిలే పిండి, బయట నుంచి తెచ్చుకోవడానికి పర్మిషన్ ఇచ్చింది, కోళ్ల ఫారాల వాళ్లు దాణా ఖర్చు భరించలేకపోతున్నామని మొత్తుకుంటే. ఆ వార్త పేపర్లో వచ్చింది, మేమూ చదివాం, కానీ దానికీ మా మూలగదిలోని బస్తాలకీ సంబంధం ఉందని తట్టలేదు. దసరాకి కొత్త పంట కూడా దిగింది, చివరికి మేం అమ్మింది 5 వేల చిల్లరకి.

అప్పట్నుంచి రాత్రి అన్నం తిన్నాక చికాగో రేటు (అమెరికాలో సోయా, మక్కల బేరం జరిగే పెద్ద మార్కెట్‌ది), వాతావరణం, ఓడల లెక్కలు చూడటం అలవాటైంది. రేపు రేటెంతో చెప్పే విద్య నా దగ్గర లేదు, ఉంటే ఇది రాస్తూ కూర్చోను. రేటు కదిలినప్పుడు ఎందుకు కదిలిందో, ఆ కదలిక నిలుస్తుందా లేదా అన్నది సుమారుగా పట్టుకునే పద్ధతి మాత్రం చెప్తా.

మొదటి పని: మీ సరుకు ఎవరి నోట్లోకి పోతుందో రాసుకోండి

ఇది లేకుండా వాన గురించి, ఎగుమతి గురించి ఎంత చదివినా గాల్లోకి పోతుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని సరుకు పేరు రాసి, పక్కన కొనేవాళ్లని రాయండి.

మొక్కజొన్న: కోళ్ల దాణా, స్టార్చ్ ఫ్యాక్టరీలు, ఇప్పుడు కొత్తగా ఇథనాల్. ఒకప్పుడు మన మక్కలు వియత్నాం, బంగ్లాదేశ్‌కి ఓడల్లో పోయేవి. ఇథనాల్ వాళ్లు దిగాక 2024లో మనమే మయన్మార్, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకునే పరిస్థితి వచ్చింది. కాబట్టి "ఎగుమతి డిమాండ్ ఉంది, రేటు పెరుగుద్ది" అనే పాత సూత్రం మక్కలకి ఇప్పుడు గుడ్డిగా వర్తించదు, మీ దగ్గర్లో ఇథనాల్ ప్లాంటు ఉందా లేదా అన్నదే ముందు చూడాలి.

సోయా: ఇది ఒక సరుకు కాదు, రెండు. 100 కిలోలు ఆడిస్తే 18 కిలోలకి అటూఇటూ నూనె, 80 కిలోల దాకా మీల్ వస్తుంది, కోళ్ల వాళ్లు దీన్నే డీఓసీ అంటారు. నూనె రేటు మలేషియా పామాయిల్‌తో కలిసి నడుస్తుంది, మీల్ రేటు కోళ్లతోటీ అర్జెంటీనా, బ్రెజిల్ పంటతోటీ నడుస్తుంది. నూనె పెరిగి మీల్ పడితే గింజ రేటు ఎటూ కదలకుండా కూర్చుంటుంది, అప్పుడు టీవీలో నూనె మండిపోతోందని చూసి మనం రేటు కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

వడ్లు: సర్కారు కొనుగోలు, మిల్లర్లు, వాళ్ల వెనక కాకినాడ ఓడలు. ఆఫ్రికా దేశాలకి పోయే ఉప్పుడు బియ్యంలో పెద్ద వాటా కాకినాడ నుంచే పోతుంది. ఆయిల్ పామ్ గెలలు: కొనేది ఒక్క మిల్లు, కానీ రేటు పుట్టేది కౌలాలంపూర్‌లో, మారేది ఢిల్లీలో.

రెండో పని: వాన ఏ వారంలో లెక్కలోకి వస్తుందో పట్టుకోండి

వాన పడలేదు అనగానే రేటు పెరుగుద్ది అనుకుంటాం. పంటకి ఏడాదంతా ఒకే దాహం ఉండదు కదా. మక్కకి పైన మగపూత వచ్చి కంకి పీచు తీసే ఆ రెండు వారాలు ప్రాణం, అప్పుడు ఎండ కొడితే కంకిలో గింజ నిండదు, తర్వాత కుంభవృష్టి పడినా లాభం లేదు. అమెరికాలో ఆ వారాలు జులైలో వస్తాయి, సోయాకేమో కాయ కట్టి గింజ నిండే ఆగస్టు. బ్రెజిల్‌లో సోయా జనవరి, ఫిబ్రవరిలో కోసి, ఆ మడిలోనే రెండో పంటగా మక్క వేస్తారు, అందుకని అక్కడ జనవరిలో కోతలప్పుడు వానలు ఎక్కువైతే సోయాకి నష్టం కంటే మక్క ఆలస్యమవడం పెద్ద వార్త, ఎందుకంటే ఆలస్యమైన మక్క ఏప్రిల్, మేలో తడి లేని రోజుల్లో పూతకొస్తుంది.

దగ్గర నుంచి చూడాలంటే 2012 చూడండి. ఆ ఏడు అమెరికా రైతులు మక్క విపరీతంగా వేశారు, 1937 తర్వాత అంత విస్తీర్ణం లేదు. మేలో వాళ్ల వ్యవసాయ శాఖ లెక్కలో పంట 77 శాతం బాగుంది లేదా చాలా బాగుంది. ఎకరాకి 166 బుషెల్స్ (మక్క బుషెల్ అంటే 25.4 కిలోలు) వస్తాయని అంచనా. అందరూ రేటు పడుద్దనే అనుకున్నారు. జూన్ మధ్య నుంచి అయోవా, ఇల్లినాయ్, ఇండియానా అంతా ఎండ, వాన చుక్క లేదు, సరిగ్గా పీచు తీసే టైముకి. ప్రతి సోమవారం వచ్చే పంట రిపోర్టులో ఆ 77 తగ్గుతూ తగ్గుతూ జులై చివరికి 24 అయింది. బుషెల్ ఐదున్నర డాలర్ల దగ్గరున్న మక్క ఆరేడు వారాల్లో 8 దాటింది. చివరికి దిగుబడి ఎకరాకి 123 దగ్గర ఆగింది.

మన దగ్గరికొస్తే ఖరీఫ్ మక్కకి జులై ఆఖరు, ఆగస్టు, సోయాకి ఆగస్టు, సెప్టెంబర్. వరికి రెండు కీలకమైన టైములు, నాట్లప్పుడు నీళ్లు ఉండాలి, కోతలప్పుడు ఉండకూడదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి ఆరబోసిన వడ్లు, పొలంలో ఒరిగిన వరి నీళ్లలో పడ్డాయి. అలాంటప్పుడు మొత్తం మార్కెట్లో రేటు పెరగొచ్చేమో గానీ తడిసి రంగు మారిన వడ్లున్న రైతుకి మాత్రం తగ్గుతుంది. వాతావరణం వల్ల రేటు పెరిగిందంటే, పెరిగింది పంట దక్కినోడికి అని అర్థం.

ఆయిల్ పామ్ వేరే కథ. ఎండ ఇవాళ కొడితే గెలల మీద దెబ్బ ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు కనపడుతుంది. అందుకే మలేషియాలో ఎల్‌నినో (వానలు తగ్గే) ఏడాదిలో ఉత్పత్తి బాగానే ఉండి తర్వాతి ఏడు పడిపోవచ్చు. ఇంకో తమాషా ఏంటంటే అక్కడ నవంబర్ నుంచి జనవరి దాకా వరదలొస్తే గెలలు కోయలేరు, లారీలు తోటల్లోకి పోలేవు, అంటే వాన ఎక్కువైనా రేటు పెరుగుతుంది.

మూడో పని: వార్తని కాదు, అంచనాకీ వార్తకీ మధ్య తేడాని చదవండి

నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది ఇదే. మళ్లీ 2012కే పోదాం. ఆగస్టు 10న అమెరికా వ్యవసాయ శాఖ నెలవారీ రిపోర్టు వచ్చింది, దిగుబడిని ఒక్కసారిగా 123కి కోసేసింది, అంతకంటే చెడ్డ వార్త ఉండదు. మక్క అదే రోజు 8 డాలర్ల 49 సెంట్ల రికార్డు ముట్టుకుంది, ముట్టుకుని ఆ సాయంత్రానికే ముందురోజు కంటే కిందకి దిగింది. ఎందుకంటే ఆరు వారాలుగా అందరూ ఆ వార్తనే కొంటున్నారు, రిపోర్టు వచ్చేసరికి కొత్తగా కొనడానికి ఎవరూ మిగల్లేదు. కరువు అని పేపర్ మొదటి పేజీలో పడ్డ రోజున ముందే కొన్నవాళ్లు పల్లీలు తింటూ అమ్ముతుంటారు, మొరటుగా ఉన్నా నిజం.

కాబట్టి ఏ వార్త చూసినా మొదట అడగాల్సింది: ఇది నిన్నటికే తెలుసా? మన వాతావరణ శాఖ ఏప్రిల్ మధ్యలో మొదటి అంచనా ఇస్తుంది, మే ఆఖర్లో సవరిస్తుంది. దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లు, అందులో 96 నుంచి 104 శాతం పడితే సాధారణం అంటారు. ఈ ఒక్క అంకె పట్టుకుని మాత్రం కూర్చోకండి. 2023లో సీజన్ మొత్తం చూస్తే 94 శాతం, కాస్త తక్కువే, కొంపలు మునిగేంత కాదు అనిపిస్తుంది. కానీ ఆ ఆగస్టు నెల 36 శాతం లోటు, 1901 నుంచి చూస్తే అంత ఎండిపోయిన ఆగస్టు లేదు. సోయా కాయ కట్టే నెలకి జూలై వానల్ని కలిపి సగటు తీస్తే ఏం లాభం?

సీజన్లో వాన భయానికి రేటులో ఎప్పుడూ కొంచెం అదనం కలిసి ఉంటుంది. శుక్రవారం ఫోర్‌కాస్ట్‌లో వాన లేదు, సోమవారం పొద్దున వాన వచ్చేసింది అంటే ఆ అదనం ఒక్క రోజులో ఆవిరైపోతుంది, ఒక్క గింజ కూడా అటూఇటూ కాకముందే. చికాగో పగటి సెషన్ అమెరికా ఎండాకాలంలో మనకి రాత్రి 7 నుంచి 11:50 దాకా నడుస్తుంది, ఆ టైంలో పది రోజుల ఫోర్‌కాస్ట్ మారినప్పుడల్లా రేటు ఎలా గెంతుతుందో రెండు వారాలు గమనిస్తే చాలు, ఈ మాట ఒంటికి పడుతుంది.

నాలుగో పని: గాదెలో ఎంతుందో చూడండి

ఒకే కరువు ఒక ఏడాది రేటుని 10 శాతం లేపుతుంది, ఇంకో ఏడాది 60 శాతం లేపుతుంది. తేడా గాదెది. లెక్క చాలా చిన్నది: సీజన్ ఆఖర్న మిగిలే సరుకుని ఏడాది వాడకంతో భాగించండి. 2012 పంట ఏడాది ఆఖర్న అమెరికా మక్క నిల్వ వాడకంలో 7, 8 శాతానికి పడిపోయింది, అంటే నెల తిండి కూడా లేదు. అదే 14, 15 శాతం ఉన్న ఏళ్లలో జులైలో ఎండ కొట్టినా మార్కెట్ ఒక వారం ఉలిక్కిపడి మళ్లీ పడుకుంటుంది.

ఈ అంకెలు అమెరికా వ్యవసాయ శాఖ నెలవారీ రిపోర్టులో, మామూలుగా 8, 12 తారీఖుల మధ్యలో వస్తాయి, మనకి అమెరికా ఎండాకాలంలో రాత్రి 9:30కి, చలికాలంలో 10:30కి. అందులో వంద అంకెలుంటాయి. నేను చూసేది రెండే: ఎండింగ్ స్టాక్స్ (సీజన్ ఆఖర్న మిగిలే సరుకు), అవి పోయిన నెల కంటే పెరిగాయా తగ్గాయా. పామాయిల్‌కి మలేషియా పామాయిల్ బోర్డు చెప్పే నిల్వలు నెల 10వ తారీఖు చుట్టుపక్కల వస్తాయి, అంతే.

ఐదో పని: ఎగుమతి మాటని, ఎగుమతి ఓడని వేరు చేయండి

మన వాళ్లు ఎక్కువ బోల్తా పడేది ఇక్కడే. ఒప్పందం కుదిరింది అనే వార్త వేరు, ఓడలో సరుకు పడటం వేరు. 2025 మార్చి నెలాఖరున తెలంగాణ 1010 రకం బియ్యం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కి బయలుదేరాయి. మొత్తం 8 లక్షల టన్నుల మాట, మొదటి ఓడ 12,500 టన్నులు. మంచి పనే, కాదనను. కానీ ఆ 8 లక్షలు విని వడ్లు ఆపుకోవాలా అంటే, అదే ఫిలిప్పీన్స్ తన రైతులకి రేటు రావట్లేదని 2025 సెప్టెంబర్ 1 నుంచి బియ్యం దిగుమతులే 60 రోజులు ఆపేసింది, తర్వాత దాన్ని పొడిగించింది కూడా. కొనేవాడికీ ఒక రైతు ఉంటాడు, వాడికీ ఓటు ఉంటుంది.

అమెరికా వాళ్ల దగ్గర ఈ రెండూ విడివిడిగా కనపడతాయి, అందుకే నేర్చుకోడానికి బాగుంటుంది. గురువారం మన టైం సాయంత్రం 6కి, చలికాలంలో 7కి, వారంలో ఎంత బేరం కుదిరిందో చెప్పే రిపోర్టు వస్తుంది. సోమవారం ఎంత సరుకు నిజంగా ఓడలకి ఎక్కిందో తనిఖీ లెక్క వస్తుంది. ఒకే రోజులో ఒకే దేశానికి లక్ష టన్నులు, అంతకు మించి అమ్మితే తర్వాతి పనిదినం లోపు బయటపెట్టి తీరాలి. బేరాలు భారీగా ఉండి ఓడలు కదలకపోతే ఆ బేరాలు క్యాన్సిల్ కావచ్చని నేను అనుమానిస్తా. బేరాలు చప్పగా ఉన్నా వారం వారం ఓడలు నిండుతుంటే ఆ రేటుకి కాళ్లున్నాయని నమ్ముతా.

ఎవరు కొంటున్నారన్నది ఎంత కొంటున్నారన్నంత ముఖ్యం. సోయాలో కొనేవాడంటే చైనా, మిగతా ప్రపంచం అంతా కలిపినా దాని తర్వాతే. 2018 జులై 6న చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది, ఆ భయంతో అంతకు ముందు వారాల్లోనే చికాగో రేటు బుషెల్ 10 డాలర్ల పైనుంచి 8 చిల్లరకి దిగింది, అదే టైంలో బ్రెజిల్ పోర్టుల్లో అమ్మేవాళ్లు చికాగో రేటు మీద పెద్ద ప్రీమియం వసూలు చేశారు. అంటే డిమాండ్ చావలేదు, రేవు మారింది. 2025లోనూ కొత్త పంట వచ్చే టైంకి చైనా అమెరికా సోయా ముట్టుకోలేదు, అక్టోబర్ 30న కొరియాలో ట్రంప్, జిన్‌పింగ్ కలిసి కోటీ 20 లక్షల టన్నుల కొనుగోలు మాట బయటికొచ్చేసరికి, 10 డాలర్ల దగ్గర తచ్చాడుతున్న రేటు నవంబర్‌లో 11 దాటేసింది. ఇక్కడ కూడా ఎక్కువ పెరిగింది మాట దశలోనే.

క్యాలెండర్ కూడా మర్చిపోకండి: సెప్టెంబర్ నుంచి జనవరి దాకా అమెరికా సోయా ఓడల సీజన్, ఫిబ్రవరి నుంచి బ్రెజిల్‌ది. మే నెలలో అమెరికా ఎగుమతులు తగ్గాయని హెడ్డింగ్ వస్తే కంగారేం లేదు, ప్రతి మేలోనూ తగ్గుతాయి.

ఆరో పని: సర్కారు గేటు తెరిచి ఉందా మూసి ఉందా

పంట మార్కెట్ పుస్తకాలన్నీ వాన, డిమాండ్ అని రెండు కాళ్ల మీద నడుస్తాయి. మన దేశంలో మూడో కాలు ఉంది, చాలాసార్లు అదే తన్నేది.

బియ్యం కథ తీసుకోండి. ప్రపంచంలో దేశాల మధ్య కదిలే బియ్యంలో సుమారు 40 శాతం మనదే. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపేశారు, పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023లో ఎల్‌నినో భయం, ఇంట్లో రేట్లు పెరుగుతున్నాయి, ముందు ఎన్నికలు. జులై 20న బాస్మతి కాని పచ్చి బియ్యం ఎగుమతి పూర్తిగా బంద్. తర్వాత రెండు రోజులు అమెరికాలో మన వాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి కోసం క్యూలు కట్టిన వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి, డల్లాస్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి "అన్నా, ఒక్కొక్కరికి ఒక్క బ్యాగే ఇస్తమంటున్నరు, అక్కడ నిజంగ బియ్యం లేవా" అని అడిగాడు. ఇక్కడ గోడౌన్ల నిండా ఉన్నాయి. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం పడింది. థాయ్‌లాండ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటి పదిహేనేళ్ల గరిష్ఠానికి పోయింది.

చూడండి, వాన భయం ఒకటే, ఓడల డిమాండ్ ఒకటే, కానీ గేటుకి అవతల రేటు ఎగిరింది, ఇవతల అదుపులో ఉండిపోయింది. ఆ పెరిగిన డబ్బు థాయ్ రైతుకి పోయింది. 2024 సెప్టెంబర్ 28న పచ్చి బియ్యానికి గేటు తెరిచారు, టన్నుకి 490 డాలర్ల కనీస ధరతో, అక్టోబర్‌లో అదీ తీసేశారు. మన సరుకు పొంగి పొర్లింది, 2025లో థాయ్ బియ్యం 400 డాలర్ల కిందకి వచ్చేసింది.

నూనెలో గేటు తిరగబడి ఉంటుంది, ఎందుకంటే మన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మన అశ్వారావుపేట వైపు రైతులకి ఆ మేలో టన్ను గెలలు 20 వేలు దాటాయి. మే 23న ఇండోనేషియా మళ్లీ తెరిచింది, పేరుకుపోయిన నిల్వలన్నీ ఒకేసారి బయటపడ్డాయి, మలేషియాలో 7 వేల రింగిట్‌లకి అటూఇటూ ఉన్న టన్ను నూనె జులై మధ్యకి 4 వేల కిందకి పడింది. వాన చుక్క పాత్ర లేదు ఇందులో. 2024 సెప్టెంబర్‌లో మన కేంద్రం ముడి పామాయిల్ మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది, గెలల రేటు లేచింది. 2025 మే ఆఖర్న 16.5కి తగ్గించింది. ఆయిల్ పామ్ రైతు మలేషియా వాతావరణం కంటే ముందు కస్టమ్స్ నోటిఫికేషన్ చూడాలని నేననేది అందుకే.

గేటు ఎప్పుడు కదులుతుందో ముందే పసిగట్టొచ్చా? పూర్తిగా కాదు. కానీ చిల్లర రేట్ల మీద టీవీలో రోజూ గోల, ముందు ఎన్నికలు లేదా పండగలు, కొనే పరిశ్రమ వాళ్లు మంత్రి దగ్గరికి వినతి పత్రాలతో పోవడం, ఈ మూడూ ఒకేసారి కనపడితే నేను గేటు పడుతుందనే లెక్క వేసుకుంటా. 2021 ఆగస్టులో సోయాకి సరిగ్గా ఇవే కనపడ్డాయి, చూసే కళ్లు మాకు లేవు.

ఏడో పని: చికాగో రేటుని క్వింటాలోకి మార్చి పక్కన పెట్టుకోండి

సోయా బుషెల్ అంటే 27.2 కిలోలు, మక్క బుషెల్ 25.4 కిలోలు. సోయా 10 డాలర్లుంటే క్వింటా 36.76 డాలర్లు, డాలర్ 85 రూపాయలనుకుంటే 3,125 రూపాయలు. మక్క 4 డాలర్లుంటే క్వింటా 1,339 రూపాయలు. మన 2025-26 మద్దతు ధరలేమో సోయాకి 5,328, మక్కకి 2,400. మరి ఇంత తేడా ఉంటే ఓడల్లో దిగిపోవాలి కదా? దిగవు, ఎందుకంటే మక్కకి కోటా దాటితే 50 శాతం సుంకం, పైగా జీఎం గింజని రానివ్వరు. అంటే చికాగో పడినంత మాత్రాన మీ యార్డులో అంతే పడదు, చికాగో లేచినంత మాత్రాన అంతే లేవదు. ఆ గోడ ఎంత ఎత్తుందో చూపించేదే ఈ తేడా. డాలర్ ఒక రూపాయి కదిలితే పైన చెప్పిన సోయా రేటు క్వింటాకి దాదాపు 37 రూపాయలు కదులుతుంది, ఇది కూడా కలుపుకోండి.

గెలలకి లెక్క ఇంకా సులువు: ముడి పామాయిల్ టన్ను 1,10,000, గెలలో నూనె 19 శాతం అనుకుంటే టన్ను గెలలకి 20,900. ఫార్ములాలో గింజ వాటా, ఇంకొన్ని సర్దుబాట్లు ఉంటాయి గానీ దిశ తెలుసుకోడానికి ఇది చాలు.

మన దగ్గర సోయా, వరి, ముడి పామాయిల్ లాంటి 7 సరుకుల ఫ్యూచర్స్ (ముందు నెలల సరుకుకి ఇప్పుడే రేటు కట్టే బేరాలు) 2021 డిసెంబర్ 20న ఆపేశారు, అందుకే ముందు నెలల రేటు కోసం బయటికి చూడాల్సి వస్తుంది. చూసేటప్పుడు ఒక్కటే గమనించండి: దగ్గర నెల రేటు దూరపు నెల కంటే ఎక్కువుంటే సరుకు ఇప్పుడే కావాలని అర్థం, దాచుకుంటే మీకు జీతం రాదు. దూరపు నెల ఎక్కువుంటే దాచినోడికి గోడౌన్ ఖర్చు మార్కెట్టే ఇస్తోందన్నమాట.

చివరిగా, వారంలో నేను చేసేది

సోమవారం రాత్రి ఫోర్‌కాస్ట్, ఓడల తనిఖీ లెక్క. మంగళవారం పొద్దున అమెరికా పంట ఎంత శాతం బాగుందో, ఆ ఒక్క అంకె. గురువారం బేరాలు. నెల మధ్యలో నిల్వలు. రోజూ ఒక నిమిషం కేంద్రం నోటిఫికేషన్లు, యార్డు రేటు. అన్నీ కలిపి వారానికి గంట పట్టదు. నోట్‌బుక్‌లో ప్రతి సరుకుకీ మూడు గడులు గీశా, వాన, ఓడ, గేటు, ఒక్కోటి రేటుని లేపేలా ఉంటే పైకి బాణం, దించేలా ఉంటే కిందకి బాణం పెడతా. మూడూ పైకి ఉన్న వారంలో మూడో వంతు అమ్ముతాం, అవును, పైకి ఉన్నప్పుడే, ఎందుకంటే అందరికీ కనపడే బాణాలవి. గేటు కిందకి తిరిగితే ఇంకో వంతు ఆ వారమే. మిగిలింది బాపు ఇష్టం, ఆయన పంట కదా.

అమ్మే రోజు ముందు మాత్రం మక్కలు 14 శాతం తేమ లోపు ఆరాయో లేదో చూసుకోండి. చికాగో రేటు చూస్తూ అర్ధరాత్రి దాకా మేల్కొని పట్టుకున్న 50 రూపాయలని కాంటా దగ్గర తేమ కోతలో పోగొట్టుకున్న రోజు మాకూ ఉంది.